కదలనమ్మ వెలిసిన చోటు

అప్పయమ్మకు పెళ్ళయిన నాటి నుంచి ఒకటే కోరిక. తాను వేసిన పొయ్యి తాను వేసిన చోటే ఉండాలి.

ఇదీ ఒక కోరికేనా అని నవ్వేవాళ్ళకు ఆమె మొగుడు పోలయ్య ఉద్యోగం సంగతి తెలియదు. పోలయ్య రైల్వేలో పట్టాల గ్యాంగు మేస్త్రీ. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, కేసింగ, టిట్లాగఢ్, మహాసముంద్, రాయ్‌పూర్, దుర్గ్. పట్టాలు ఎటు పోతే వీళ్ళ మూటలూ అటే పోయాయి. ప్రతి ఊళ్ళోనూ అప్పయమ్మ మట్టి తొక్కి, పొయ్యి వేసి, అలికి, ముగ్గు పెట్టేది. ఆ పొయ్యి గుణం తెలిసేసరికి బదిలీ కాగితం వచ్చేది. "ఈ పొయ్యికి ఎడంపక్క సెగ తక్కువయ్యా" అని ఆమె ఏ పూటైనా అన్నదంటే, సామాన్లు సర్దే రోజు దగ్గర పడిందని పోలయ్యకు అర్థమైపోయేది.

పంతొమ్మిది వందల యాభై ఏడులో పోలయ్య దుర్గ్‌లో రిటైరయ్యాడు. పక్కనే భిలాయిలో ఉక్కు కర్మాగారం కడుతున్నారు. విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి జనం రైలుపెట్టెల నిండా దిగుతున్నారు. దిగినవాళ్ళకు ఇడ్లీ దొరక్క, పొద్దున్నే ఎండు రొట్టెలతో కుస్తీ పడుతున్నారని విని అప్పయమ్మ నడుం బిగించింది. ఫ్యాక్టరీ గేటుకు కూతవేటు దూరంలో నాలుగు వెదురు గడలు, రెండు తడకలు, ఒక టార్పాలిన్ గుడ్డతో హోటలు వెలిసింది.

పొయ్యి అలికి లేచి, చేతులు కడుక్కుని, మొగుడి ముందు నిలబడింది.

"ఇంక నీ రైలూ నేదు, నా మూటా నేదు. ఇక్కడ పొయ్యేసినాను. నన్నిక్కణ్ణించి కదపాలంటే నలుగురొచ్చి మోసుకెళ్ళాలి గానీ, నా కాళ్ళతో నాను కదల్ను. తెలిసిందా?"

పోలయ్య తలూపాడు. అతను దేనికైనా తలూపుతాడు.

హోటలు బాగా సాగింది. మట్టి మోసేవాళ్ళు, ఇనుప చువ్వలు వంచేవాళ్ళు, వెల్డింగు చేసేవాళ్ళు తెల్లారేసరికి వరస కట్టేవారు. రష్యా ఇంజినీరు ఒకాయన కూడా ఒక రోజు వచ్చి కూర్చున్నాడు. కారప్పొడి ఎలా తినాలో ఎవరూ చెప్పేలోగా చెంచాడు నోట్లో వేసుకుని, ఎర్రబడ్డ మొహంతో లేచి నిలబడి, అందరితో చేతులు కలిపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన దూరం నుంచే నమస్కారం పెట్టేవాడు.

ఆరు నెలలు తిరక్కుండా త్రినాథరావు వచ్చాడు.

త్రినాథరావు సర్వే ఓవర్సీరు. బొబ్బిలి పక్క కుర్రాడు. వెంట నలుగురు మనుషులు, నేల కొలిచే ఇనుప గొలుసు, ఎర్రజెండాలు, సున్నం బుట్ట. గొలుసు లాగుతూ, సున్నం గీత గీస్తూ వచ్చి వచ్చి అప్పయమ్మ పొయ్యి దగ్గర ఆగారు. గీత సరిగ్గా ఇడ్లీపాత్ర నడుమ నుంచి పోవాలి.

"పిన్నీ, ఇక్కడ రోడ్డొస్తాది," అన్నాడు త్రినాథరావు నేల చూస్తూ.

"రోడ్డొస్తే మంచిదే గదా నాయనా. తినడానికి జనాలొస్తారు."

"రోడ్డు పక్కనుంచి కాదు పిన్నీ. ఇలా... నీ పొయ్యి మీంచి."

అప్పయమ్మ చేతిలోని గరిటె చూసి గొలుసు పట్టుకున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. కానీ గీత గీతే. వారంలో హోటలు పక్కనున్న మరోదా ఊరి వైపు జరిగింది. పోలయ్య అరగంటలో మొత్తం విప్పేసి, కట్టేసి, బండి మీద పెట్టేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ అతను ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడని అప్పయమ్మకు మరీ ఒళ్ళుమండింది.

మరోదా దగ్గర పదినెలలు. అక్కడ గూడ్సు బళ్ళకు పట్టాలు వేస్తామన్నారు. అక్కణ్ణించి కర్మాగారం కాలనీలో సెక్టర్ 2 అంచుకు వచ్చారు. ఆ అంచున ఏడాది తిరక్కుండా క్వార్టర్లు లేచాయి. ప్రతిసారీ త్రినాథరావే రావడం, నేల చూడడం, "పిన్నీ" అనడం. అతను దూరాన కనిపిస్తే చాలు, అప్పయమ్మ పొయ్యికి అడ్డంగా వచ్చి నిలబడేది. చివరికి ఎవరింటి ముందైనా సున్నంతో ముగ్గు వేసి ఉన్నా ఉలిక్కిపడే స్థితికి వచ్చింది.

"నాకే ఎందుకయ్యా ఇలగ?" అంది ఒక మధ్యాహ్నం, కన్నీళ్ళు పెట్టుకుని.

పోలయ్య బీడీ పక్కన పెట్టాడు. "రైలుపట్టా చూడు. అంత గట్టి ఇనుము. అదీ కదుల్తాది. ఎండకి సాగుతాది, చలికి ముడుసుకుంతాది. అందుకే పట్టాకీ పట్టాకీ మద్దిన ఏలెడు సందు ఒగ్గుతాం. సందు ఒగ్గకపోతే ఏసంకాలంలో పామునాగ వంకర్లు పోయి పైకి లెగుస్తాది."

"అయితే నానేటి, రైలుపట్టానా?"

"కాదు గానీ, నీకూ సందు నేదు."

ఆ రోజు పోలయ్యకు రాత్రి కూరలో ఉప్పు పడలేదు.

నాలుగో చోటు కోహ్కా అనే ఊరికి పోయే దారిలో. ఎర్రనేల, అక్కడక్కడా ముళ్ళకంపలు. అక్కడ పొయ్యి వేస్తూనే అప్పయమ్మ గట్టి ఆలోచన ఒకటి చేసింది. మనిషిని కదపడానికి కాగితం చాలు. పొయ్యిని కదపడానికి పలుగు చాలు. ఏ కాగితానికీ పలుగుకీ లొంగనిది ఈ దేశంలో ఒక్కటే.

హోటల్లో బెంచీకి ఒక కాలు పొట్టి. దాని కింద ఎత్తుకోసం నల్లరాయి ఒకటి పెట్టేవారు. కొబ్బరికాయకు కొంచెం పెద్దదిగా, నున్నగా ఉంటుంది. మహాసముంద్‌లో ఉండగా ఆవకాయ జాడీ మూత మీద బరువు పెట్టడానికి తెచ్చిన రాయి. అప్పయమ్మ ఆ రాయిని తీసి, చింతపండుతో తోమి, పసుపు పూసి, కుంకం పెట్టి, హోటలు ముందు చిన్న దిబ్బ చేసి నిలబెట్టింది. రెండు వేపమండలు గుచ్చింది. పోలయ్య కాసేపు రాయినీ, కాసేపు పెళ్ళాన్నీ చూసి, వంగిపోయిన బెంచీ కింద పెట్టడానికి ఇటుక వెతుక్కుంటూ వెళ్ళాడు. సరైన ఎత్తు ఇటుక దొరకలేదు. అప్పటి నుంచి ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తింటూ తింటూ ఎడమకు జారేవారు.

వానలు వెళ్ళాక త్రినాథరావు గొలుసుతో వచ్చాడు. రాయి చూసి ఆగాడు. చెప్పులు విడిచాడు.

"ఏ అమ్మోరు పిన్నీ?"

అప్పయమ్మ పేరు ఆలోచించలేదు. మనసులో 'కదల్ను, కదల్ను' అనుకుంటూ ఉందేమో, నోటికి అదే వచ్చింది.

"కదలనమ్మ."

"కదలనమ్మా? నానెప్పుడూ విన్నేదే."

"నీకేటి తెలుసు? మా అమ్మమ్మోళ్ళ వైపు ఇలవేలుపు. పెట్టిన చోట పెట్టినట్టు ఉండాల. కదిపినోడి కాళ్ళూ సేతులూ పడిపోతాయి."

గొలుసు పట్టుకున్న నలుగురూ గొలుసు కింద పెట్టేశారు. త్రినాథరావు తన పుస్తకం తీసి, చాలాసేపు పెన్సిలు నములుతూ నిలబడి, చివరికి 'దేవస్థానం' అని రాసుకున్నాడు. సున్నం గీత అక్కడి దాకా తిన్నగా వచ్చి, అప్పయమ్మ హోటలు దగ్గర పక్కకు వంగి, దాటాక మళ్ళీ తిన్నగా పోయింది.

ఆ రాత్రి అప్పయమ్మకు నిద్ర పట్టాలి. పట్టలేదు. బెంచీ కింది రాయికి ఇలవేలుపు పేరు పెట్టినందుకు భయం. మొదటి శుక్రవారం ఎవరూ చూడకుండా రాయి ముందు కూర్చుని, "తల్లీ, నువ్వు ఎవులివో నాకు తెల్దు. ఏటీ అనుకోకు" అని చెంపలు వేసుకుంది.

అక్కడితో ఆగి ఉంటే బాగానే ఉండేది. అప్పయమ్మ దగ్గర పప్పు రుబ్బే ఫుల్‌బాసన్ అనే ఛత్తీస్‌గఢీ ఆవిడకు మేక తప్పిపోయింది. వస్తూ పోతూ రాయికి దండం పెట్టుకుంది. మర్నాడు మేక తనంతట తానే ఇంటికొచ్చింది.

"మోర్ ఛేరీ మిల్ గే దాయీ!" అని ఫుల్‌బాసన్ కేకలు పెడుతూ వచ్చింది. నా మేక దొరికిందని అరుస్తూ రాయి ముందు సాష్టాంగపడింది. దారిన పోయేవాళ్ళు ఆగారు. ఆ పూటకు ముప్ఫై మంది దండం పెట్టుకున్నారు.

తర్వాత వెంకటరత్నం వచ్చాడు. ఆయన రాజమండ్రి వైపు మనిషి, కంకర కంట్రాక్టరు. ఆయన లారీ హోటలు ముందరి బురదలో కూరుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. విసుగెత్తి ఒక కొబ్బరికాయ కొట్టించాడు. అప్పుడే షిఫ్టు దిగి వస్తున్న ఇరవై మంది చెయ్యి వేయడంతో లారీ పైకొచ్చింది. వెంకటరత్నానికి ఆ ఇరవై మందీ కనిపించలేదు, కొబ్బరికాయే కనిపించింది.

"అప్పయమ్మగారూ, అమ్మవారు ఇలా ఎండలో ఉండడమేమిటండీ! మేమంతా ఉండి!" అన్నాడు.

నెలలో సిమెంటు దిమ్మె లేచింది. దిమ్మె మీద నాలుగు స్తంభాలు, పైన రేకు. గంట కట్టారు. వెంకటరత్నం అధ్యక్షుడుగా సంఘం ఏర్పడింది. రాయికి వెండి కళ్ళు వచ్చాయి. ఆ కళ్ళు తననే చూస్తున్నట్టు ఉండి అప్పయమ్మ అటువైపు వీపు పెట్టి ఇడ్లీలు వేసేది.

ముందు ఉల్లిపాయ పోయింది. అమ్మవారి ఎదట ఉల్లి వాసన తగదన్నారు. తర్వాత వెల్లుల్లి. ఆ తర్వాత బజ్జీల నూనెపొగ రేకుకు మసి పట్టిస్తోందన్నారు. గడ్డపారలు పట్టుకుని వచ్చే జనం కూడా తగ్గారు. చుట్టుపక్కల పని అయిపోయింది. పని ఎటు పోతే కూలీలు అటు పోయారు. ఇప్పుడు వచ్చేవాళ్ళు ఇస్త్రీ బట్టలతో, తడిజుట్టుతో, ఇంట్లో తినేసి వచ్చేవాళ్ళు. శుక్రవారం అయితే ఉపవాసంతో వచ్చేవాళ్ళు. అప్పయమ్మ ఇడ్లీలు మధ్యాహ్నం దాకా పాత్రలో కూర్చుని గట్టిపడేవి. ఫుల్‌బాసన్ మేక వాటిని తిని బాగా ఒళ్ళు చేసింది.

ఒక శుక్రవారం పొద్దున్న, గుడి ముందు నలభై యాభై మంది ఉండగా, వెంకటరత్నం చేతులు కట్టుకుని హోటల్లోకి వచ్చాడు. కూర్చోబోయి, బెంచీ ఎడమకు జార్చడంతో మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"అప్పయమ్మగారూ, మీరు పెద్దవారు. మీకు తెలియనిది కాదు. ప్రదక్షిణకి చోటు చాలట్లేదండి. సంఘమంతా అనుకున్నాం. మీ హోటలు కాస్త... అవతలికి జరుపుకుంటే..."

అప్పయమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటెతో సహా బయటికి వచ్చింది.

"ఎవుల్ని జరగమంటన్నావు? నన్నా? ఆ రాయిని పెట్టింది నానయ్యా! అమ్మోరూ కాదు, ఇలవేలుపూ కాదు! ఆవకాయ జాడీ మీద బరువు అది! మొన్న మొన్నటి దాకా నా బెంచీ కాలు కింద ఉండీది! కావాలంటే మా ఆయన్నడుగు!"

గుడిలో గంట కొట్టబోతున్న మనిషి చెయ్యి గాలిలో ఆగింది. పోలయ్య తలూపాడు.

అంతా విని వెంకటరత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ తలమీదికి ఎత్తి జోడించాడు.

"విన్నారా! తల్లి మొదట ఆవకాయ జాడీ మీద వెలిసింది! ఆ తర్వాత కూలీనాలీ కూర్చునే బెంచీని ఇన్నాళ్ళు తన నెత్తిన మోసింది! ఎంత దయ, ఎంత దయ! ఇది గోడ మీద బొమ్మ వేయించాలి!"

జనం ఒక్కసారిగా జేజేలు కొట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆవకాయ పెట్టిన చేతులంటూ అప్పయమ్మ చేతులు కళ్ళకద్దుకున్నారు. ఒక ముసలాయన బెంచీకి పసుపు పూయడం మొదలుపెట్టాడు.

అప్పయమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడుపు వస్తోందనుకుంది. పైకి వచ్చేసరికి నవ్వయింది. నవ్వి నవ్వి, కొంగు నోట్లో కుక్కుకుని, కూర్చుందామని బెంచీ మీద కూర్చుంటే ఎడమకు జారి నేల మీద పడింది. అక్కడ కూర్చుని కూడా నవ్వింది. పోలయ్య భయపడి నీళ్ళు తెచ్చాడు.

"కదలనమ్మని నానే పెట్టి, నన్ను నానే కదిపించుకున్నాను గదయ్యా!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "తోవే ఒంగి పక్కకెళ్ళింది. తినీవోలు కూడా ఆ తోవనే ఎల్లిపోనారు. నానొక్కదాన్నే ఇక్కడ మేకకి ఇడ్లీలెడతన్నాను. లే, లే, తాడు తియ్యి!"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో సామాను సర్దమని ఆమె అడగడం పోలయ్య అదే మొదటిసారి వినడం. కట్టిన ముడినే మళ్ళీ విప్పి కడుతుంటే ఆ రోజు అతనికి అరగంట పని గంట పట్టింది.

మూటలు బండెక్కిస్తుండగా త్రినాథరావు సైకిలు మీద అటు వచ్చాడు. గొలుసు లేకపోయినా అలవాటుకొద్దీ నేల చూశాడు.

"నేల చూడకు గానీ నాయనా, ఇటు చూడు," అంది అప్పయమ్మ. "రేపట్నుంచి నీ గొలుసు ఎటు పడతాది?"

"నా గొలుసా? ఎందుకు పిన్నీ?"

"ఎందుకేటి! నీ గొలుసెనక మట్టి తవ్వీవోలొస్తారు. ఆలెనక గోడలు కట్టీవోలొస్తారు. అందరికీ ఆకలేస్తాది. ఇన్నాళ్ళూ నువ్వు నాయెనక పడినావు. ఇప్పుడు నాను నీ ముందెల్తాను."

త్రినాథరావు జేబులోంచి నక్షా తీసి బండి అంచు మీద పరిచాడు. అప్పయమ్మకు చదువు రాదు. అయినా వేలుపెట్టి, "ఇదేటి? ఇదా? అయితే నీళ్ళ గొట్టం ఎటొస్తాది?" అని అన్నీ అడిగి తెలుసుకుంది.

ఇంకా పేరు పెట్టని, నంబరు పడని నేల మీద హోటలు లేచింది. సర్వేవాళ్ళు గొలుసుతో వచ్చేసరికి సాంబారు మరుగుతోంది. ఈసారి మట్టిపొయ్యి వేయలేదు. పోలయ్య ఒక తారు డ్రమ్ము సగానికి కోయించి, లోపల మట్టి మెత్తి, రెండు పక్కలా రైలు బోల్టులతో పిడులు బిగించాడు. ఇద్దరు పట్టుకుంటే నిప్పుతో సహా లేచి నడిచే పొయ్యి. "దీనికి ఎడంపక్క సెగ తక్కువయ్యా" అంది అప్పయమ్మ రెండో రోజే. పోలయ్య డ్రమ్మును అటూ ఇటూ తిప్పి పెట్టాడు. అంతే.

తొమ్మిది నెలలకో, ఏడాదికో ఒకసారి జరిగేవారు. జరిగే రోజుకు ముందే అప్పయమ్మ కొత్తచోటు వెళ్ళి చూసి, గాలి ఎటు కొడుతుందో కనుక్కుని వచ్చేది. ఆరో చోటో, ఏడో చోటో ఆమెకే గుర్తులేదు, ఒక రోజు మధ్యాహ్నం గిన్నెలు కడిగించి, గుడ్డ పరుచుకుని పడుకుంది. త్రినాథరావు మనుషులు ఆమె తల పక్క నుంచే సున్నం గీత గీసుకుంటూ పోయారు. సున్నం కొంచెం జుట్టు మీద పడింది. అప్పయమ్మ లేవలేదు. గురకపెడుతూనే అటు తిరిగి పడుకుంది. పోలయ్య ఆ గురక విని, పక్కనే కూర్చుని చాలాసేపు బీడీ కాల్చాడు.

అరవై ఆరులో త్రినాథరావుకు బొకారో బదిలీ అయింది. అక్కడ ఇంకో ఉక్కు కర్మాగారం మొదలవుతోంది. ఎనిమిదేళ్ళు ఎందరి ఇళ్ళ మీంచో గీతలు గీసినవాడు, తన ఇంటి మీంచి గీత పోయేసరికి నీరుగారిపోయాడు. హోటలుకు వచ్చి, ప్లేటు ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"మా ఆవిడ మీనాక్షి మంచం దిగట్లేదు పిన్నీ. సెక్టర్ 2 లో క్వార్టరు దొరికి రెండేళ్ళయినా కాలేదు. మొన్ననే కిటికీలకి కర్టెన్లు కుట్టుకుంది. నానేటీ చెప్పలేక ఇలా వచ్చేశాను."

"నువ్వు తిను ముందు," అని అప్పయమ్మ చెయ్యి తుడుచుకుని, పోలయ్యను వెంటబెట్టుకుని సెక్టర్ 2 కు నడిచింది.

మీనాక్షి నిజంగానే మంచం మీద బోర్లా పడుకుని ఏడుస్తోంది. అప్పయమ్మ ఓదార్చలేదు. కర్టెన్లు విప్పి మడతపెట్టింది. డబ్బాల్లో పప్పులు పోసి మూతలకు గుడ్డ కట్టింది. అద్దాన్ని చీరల మధ్య పెట్టింది. గాజు గ్లాసులను బియ్యంలో పూడ్చింది. పోలయ్య కూనిరాగం తీస్తూ తాళ్ళు బిగించాడు. గంటన్నరలో ఇల్లంతా ఆరు మూటలు, మూడు పెట్టెలు అయింది.

"పిన్నీ, నేను ఏడుస్తూ ఉంటే మీరు సర్దేశారా!" అంది మీనాక్షి తల ఎత్తి.

"నువ్వేడు తల్లీ, నాను వద్దన్నానా? కాకపోతే కొంచెం ఇవతలకొచ్చి ఏడు. మంచం కూడా కట్టీయాల."

మీనాక్షి లేచి నిలబడింది. ఏడుపు ఎక్కడ ఆపిందో గుర్తురాక కాసేపు తికమకపడి, తర్వాత నవ్వేసింది.

"కొత్త ఊళ్ళో తొలిరోజు వంట పెట్టకు," అంది అప్పయమ్మ మంచం కాళ్ళు విప్పుతూ. "పక్కింటోళ్ళని మంచినీళ్ళు అడుగు. నీళ్ళిచ్చినోళ్ళు ఊరుకోరు, కూర కూడా ఇస్తారు. మర్నాడు ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకు. ఇంకేటీ నేదు. నాను ఎన్ని ఊళ్ళు తిరిగినా ఇంతే."

దుర్గ్ స్టేషనులో వాళ్ళను రైలెక్కించారు. రైలు కదిలాక త్రినాథరావు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, అలవాటుగా ప్లాట్‌ఫారం నేల చూడబోయి, తలెత్తి అప్పయమ్మనే చూశాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, రైలు చివరి పెట్టె మలుపు తిరిగేదాకా నిలబడింది.

"ఇంక పద," అంది పోలయ్యతో. "రేపు కొత్త ఓవర్సీరు వస్తాడంట. ఏ ఊరోడో ఏటో. చట్నీ తింటాడో, సాంబారు తింటాడో కనుక్కోవాల."

స్టేషను బయట బజార్లో పచ్చిమిరపకాయలు తాజాగా ఉన్నాయి. కిలో కొనుక్కుని, ఇద్దరూ భిలాయి బస్సెక్కారు.